కారంపూడి పాట, నాజరు కథ

పల్నాటి వీరుల కథని ఎవరి నోట వినాలన్న తగాదా చిలకలూరిపేటలో ఒక ఇంటి వసారాలో చాలాకాలంగా నడుస్తోంది. ఒకవైపు అత్త. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైన మనిషి. షేక్ నాజర్ బుర్రకథంటే ప్రాణం. రెండోవైపు ఆమె మేనల్లుడు. జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాడు. కార్తీక అమావాస్య తిరనాళ్లకి కారంపూడి పోయి, అక్కడ వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట ఫోన్లో ఎక్కించుకొచ్చాడు. అప్పట్నించీ ఇంకో పల్నాడు వినబుద్ధి కావడం లేదంటాడు. వయసుని బట్టి చూస్తే పాతదే కావాలనే పట్టు ఆమెకీ, కొత్తదానికి ఓటు అతనికీ ఉండాలి. ఇక్కడ తిరగబడింది.

కథ మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 12వ శతాబ్దంలో పల్నాడు గురజాల, మాచర్ల అని రెండు కొలువులైంది. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రాంగమంతా నాయకురాలు నాగమ్మది. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో బ్రహ్మనాయుడి చిట్టిమల్లు నాగమ్మ శివంగిడేగకి ఓడింది. మాచర్లవాళ్లు ఏడేళ్లు ఊరొదిలిపోయారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం పోయిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడూ, మాల కన్నమదాసూ ఆ కథకి గుండెకాయలు.

ఇక వాళ్ల మాటలు. నేను పొరుగువాణ్ణి, విన్నది రాస్తున్నాను. మధ్యలో నా మాట దూరిస్తే వాళ్లేమీ అనుకోరు.

మేనల్లుడు: నాజరుది మంచి గొంతే అత్తా, కాదన్నదెవరు? కానీ పల్నాటి యుద్ధం ఆయన సొత్తు కాదు. ఆయన చెప్పింది నకలు. మా కుర్రాళ్లు కవర్ వెర్షన్ అంటారే, అది.

అత్త: మరి అసలు ఎవరి దగ్గరుంది?

మేనల్లుడు: కారంపూడిలో. వీరుల గుడి దగ్గర. విద్యావంతులు కత్తి పట్టుకుని నిలబడి పాడతారు, పక్కన పంబ మోగుతుంటుంది, తిత్తి శ్రుతి పడుతుంటుంది. తరాల నుంచి ఆ పాట వాళ్లది. ఎదురుగా ఊళ్లూళ్ల నుంచి తెచ్చిన కొణతాలు. అవి వీరుల ఆయుధాలు అత్తా, వాటిని దేవుళ్లంటారు. పాట జనానికి కాదు, ఆ కొణతాలకి. మనం పక్కన నిలబడి వింటామంతే.

అత్త: మంచిది. దేవుడికి పాడేది దేవుడు వింటాడు. నాకు పాడేది నేను వింటాను. తగాదా ఏముంది ఇందులో?

మేనల్లుడు: ఉంది. నీకు పాడినవాడు నీకు నచ్చేట్టు మార్చాడు. అదీ తగాదా.

అత్త: ఏం మార్చాడో చెప్పు.

మేనల్లుడు: కారంపూడిలో ఐదు రోజులు సాగే పాటని ఒక పూటలో సర్దాడు. పక్కన ఇద్దరు వంతల్ని పెట్టాడు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. కొడుకు యుద్ధానికి పోతుంటే తల్లి ఏడుస్తుందనుకో, మధ్యలో హాస్యం వంత దూరి ఒక ఛలోక్తి వేస్తాడు. జనం నవ్వుతారు. కారంపూడిలో అట్టా నవ్విస్తే ఊరుకుంటారా?

అత్త: నవ్వు సంగతి సరే, వంత ఇంకేం చేస్తాడు? అది చెప్పవేం? ‘అదెట్టా?’ అని అడుగుతాడు. ‘ఎందుకట్టా చేశాడు?’ అని అడుగుతాడు. కథకుడు ఆగి జవాబు చెప్పాలి. మీ కారంపూడిలో అడిగేవాడు ఎవడన్నా ఉన్నాడా? కోడి ఓడిపోతే రాజ్యం వదిలిపెట్టడమేందయ్యా అని ఒక్కడన్నా అడిగాడా, ఎనిమిది వందల ఏళ్లలో?

మేనల్లుడు: అడగరు. అది శ్రాద్ధం లాంటిది. పెద్దల తద్దినం నాడు ‘తాత ఎందుకు పోయాడు, తప్పెవరిది’ అని ఎవరూ ఆరా తియ్యరు.

అత్త: నేను తియ్యాలి గదరా. అది నా పెద్దల తద్దినం కాదు. మాది ఎడ్లపాడు పక్క. నల్లరేగడి నేల, పత్తి, మిరప. పల్నాడంటే మా నాయన ‘పైదేశం’ అనేవాడు. రాళ్లూ జొన్నలూ. శ్రీనాథుడంతవాడు అక్కడి జొన్నకూడు మింగలేక పద్యాల్లో తిట్టిపోశాడు. మమ్మల్ని వాళ్లలో కలిపిందెవరు?

మేనల్లుడు: సర్కారు కలిపింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది పల్నాడు జిల్లా. నరసరావుపేట జిల్లా కేంద్రం. ఇప్పుడు బాలచంద్రుడు మన జిల్లావాడు.

అత్త: గెజిట్ రాకముందే నాకు వాణ్ణి నాజరు తెచ్చిచ్చాడు. అదే నేను చెప్పేది.

ఇక్కడొకటి చెప్పాలి. అత్త ఊరికే అనలేదు. ఆమె చిన్నప్పుడు కళ్లాంలో మిరపకాయలు గుట్ట పోసి, ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటే, విజయవాడ రేడియోలో బుర్రకథ వచ్చినప్పుడు పెట్టెని గోడ మీద పెట్టేవారట. చేతులు మండుతుంటాయి, కళ్లు తుడుచుకోవడానికి వీల్లేదు, చెవులే ఖాళీ. ఆడపిల్లని ఐదు రాత్రులు కారంపూడి తిరనాళ్లకి పంపే ఇల్లు అప్పట్లో ఆ చుట్టుపక్కల లేదు. కథ తనే ఇంటికి రావాలి. వచ్చింది. ఆమె అభిమానంలో సగం ఇదే అయ్యుంటుందని నా అనుమానం. కానీ మిగతా సగం వాదనే, దాన్ని తీసిపారేయడానికి లేదు.

మేనల్లుడు: నీ ఇంటికొచ్చిందని అది మంచి పాట అయిపోదత్తా. సినిమా కూడా ఊరూరా వచ్చింది. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి పల్నాటి యుద్ధం తీశారు. మొదటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో పోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, అక్కినేని బాలచంద్రుడు. రెండోది గుత్తా రామినీడు తీశాడు, భానుమతి నాగమ్మ, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. వాటిని అసలు అంటావా?

అత్త: అనను. కానీ ఒకటి చూడు. రామబ్రహ్మం అంతకుముందు ‘మాలపిల్ల’ తీశాడు, ‘రైతుబిడ్డ’ తీశాడు. ఆయనకి పల్నాడు ఎందుకు కావాల్సొచ్చింది? చాపకూడు కోసం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి తినిపించాడే, దాని కోసం. ఆ కాలంలో మనుషులకి ఆ ముక్క కావాలి. పాతకథలో అది ఉంది కాబట్టి పైకి తీశాడు. లేనిది పెట్టలేదు.

మేనల్లుడు: ఉన్నదే పైకి తీశాడు. తీసేటప్పుడు మిగతాది కిందకి పోయింది. కారంపూడి తిరనాళ్లలో మందపోరు పాడే రోజున చాపకూడు ఉంటుంది. అక్కడ అది ఉపన్యాసం కాదు. కూర్చుంటారు, తింటారు. బుర్రకథలో, సినిమాలో అది బ్రహ్మనాయుడి గొప్పతనం. అక్కడ కన్నమదాసు గొప్పతనం కూడా. ఎందుకో తెలుసా? పాడేవాళ్లు మాలలు. కత్తి పట్టుకున్నవాడు తన మనిషి కథ తను పాడుతున్నాడు. నాజరు ఎంత గొప్పగా చెప్పినా బయట నిలబడే చెప్పాడు.

అత్త: నాజరు బయటివాడా? పొన్నెకల్లువాడు. మన గుంటూరు పక్కనే, తాడికొండ దగ్గర.

మేనల్లుడు: ఊరి సంగతి కాదు.

అత్త: కులం సంగతా? అదీ చెప్తాను. దూదేకుల ఇంట పుట్టాడు. ఆయన జీవితకథ పుస్తకం పేరే ‘పింజారి’. పత్తి మీద బతికే ఊళ్లో కూర్చుని, దూది ఏకే కులంలో పుట్టినవాణ్ణి బయటివాడంటున్నావు. నమాజు చేసే ఇంట్లో పుట్టి చెన్నకేశవుడి భక్తుల కథ చెప్పాడు. మాలవాడి శౌర్యం మాలవాడు పాడితే విన్నవాళ్లు గౌరవించారో లేదో నాకు తెలీదు. నాజరు పాడితే మా పెదనాయన లాంటి మోతుబరులు కుర్చీలేసుకుని కూర్చుని విన్నారు. కన్నమదాసు పేరు ఆ కుర్చీల దాకా పోయింది.

మేనల్లుడు: కుర్చీల దాకా పోయింది, సరే. చాప మీదికి వచ్చిందా?

ఇది గట్టి దెబ్బ. అత్త కాసేపు మాట్లాడలేదు. నాకు తోచేదేమంటే, కథ వినడానికీ కలిసి తినడానికీ మధ్య దూరాన్ని ఏ కళా ఒక్కటే దాటించలేదు, కారంపూడి పాట కూడా. చాప మీద ఏడాదికొకసారి కూర్చున్నవాళ్లు మర్నాడు ఎవరిళ్లకి వాళ్లు పోతారు. ఈ మాట నేను పైకంటే ఇద్దరూ నా మీదకొస్తారని ఊరుకున్నాను.

అత్త: ఇంకో సంగతి చెప్పు. నువ్వు అసలు అసలు అంటున్నావు గదా. అక్కడ పాట ఏ వరసలో నడుస్తుంది?

మేనల్లుడు: మొదటిరోజు రాచగావు. రెండోరోజు రాయబారం. తర్వాత మందపోరు, కోడిపోరు. ఐదోరోజు కళ్లిపాడు.

అత్త: కోడిపోరు నాలుగోరోజా?

మేనల్లుడు: అవును.

అత్త: రాయబారం తర్వాతా?

మేనల్లుడు: ఆఁ.

అత్త: ఒరే నాయనా, కోడి ఓడిపోతేనే గదా ఊరు విడిచింది? ఊరు విడిచాకనే గదా మందల మీద దాడి? గడువు తీరాకనే గదా రాయబారం? రాయబారి చచ్చిపోయాక కోడిపందెం ఏందిరా?

మేనల్లుడు: అదే అత్తా నేను చెప్పేది! అక్కడికొచ్చేవాళ్లకి కథ తెలుసు. పుట్టినప్పట్నించీ తెలుసు. వాళ్లకి వరస అక్కర్లేదు. ఏ రోజుకి ఏ ఘట్టం ఆనవాయితీయో అది పాడతారు. తర్వాతేమైందీ అనే ఆత్రం లేదు. నాజరు వరస పెట్టాడంటే, ఎదురుగా కూర్చున్నవాడికి కథ తెలీదని ఒప్పుకున్నట్టు.

అత్త: ఒప్పుకున్నాడు. తెలీనివాడికి చెప్పడం తప్పా?

మేనల్లుడు: తప్పని అన్లేదు. వేరే పని అన్నా. తెలిసినవాడికి పాడేది ఒక పని. తెలీనివాడికి చెప్పేది ఇంకో పని. నువ్వు రెండోదాన్ని మొదటిదాని పక్కన కూర్చోబెడుతున్నావు.

అత్త: పక్కన కాదు, ఒక మెట్టు పైన. తెలిసినవాడిని ఏడిపించడానికి పంబ దెబ్బ చాలు. ఏమీ తెలీని నన్ను, చేతుల్లో మిరపకాయలతో కూర్చున్నదాన్ని, బాలచంద్రుడు ఎవడో ఎరగనిదాన్ని ఏడిపించాడు చూడూ, అది విద్య.

ఈ వరస సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. తిరనాళ్లలో ఘట్టాల క్రమం కథ క్రమం కాదని నేను కూడా గమనించలేదు అంతకుముందు. పాటని ఎవరు పాడారు, ఎంత బాగా పాడారు అని కొట్లాడుకుంటాం కానీ, ఎవరికి పాడారని అడగం. వీళ్లిద్దరి తగాదాలో అసలు ముడి అక్కడుందనిపించింది. అయినా వాళ్లు ఆ ముడి దగ్గర ఆగలేదు. మేనల్లుడు అచ్చుపుస్తకాల మీదకి పోయాడు.

మేనల్లుడు: పాటని దాని చోటు నుంచి కదిలిస్తే ఏమవుతుందో చూడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు పల్నాటి వీరచరిత్ర అచ్చేశారు. శ్రీనాథుడు రాసిన ద్విపద అన్నారు. అవునా కాదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. అప్పట్నించీ చదువుకున్నవాడికి పల్నాడంటే ఆ పుస్తకం. పాడేవాడి పేరు పోయి కవి పేరు వచ్చింది. స్కాట్లండులో కూడా ఇదే జరిగింది. వాల్టర్ స్కాట్ అనే ఆయన సరిహద్దు పల్లెల్లో వీరగాథలు సేకరించి 1802లో అచ్చేశాడు. పాడి వినిపించినవాళ్లలో జేమ్స్ హాగ్ అనే కవి తల్లి ఉంది. ఆవిడ స్కాట్ మొహం మీదే అనేసిందంట, అవి పాడుకోవడానికి పుట్టినవయ్యా, చదువుకోవడానికి కాదు, నువ్వు చెడగొట్టావు, ఇంకెవరూ పాడరూ అని.

అత్త: పాపం. ఆమె అన్నది నీకెట్టా తెలిసింది?

మేనల్లుడు: పుస్తకంలో చదివా.

అత్త: చూశావా. ఆ తల్లి గోడు కూడా అచ్చయితేనే చిలకలూరిపేట దాకా వచ్చింది.

మేనల్లుడు: నీతో కష్టం అత్తా. సరే, మా మిల్లు మాటలో చెప్తా. రైతు తెచ్చిన పత్తిలో గింజ ఉంటుంది. మేం గింజ తీసేసి దూది బేళ్లు కడతాం. బేలు తేలిగ్గా ఉంటుంది, తెల్లగా ఉంటుంది, ఎక్కడికైనా పోతుంది. నాజరు చేసిందదే. కొణతాలూ, పూనకం, ఐదు రాత్రులూ, నాగులేరూ, అన్నీ తీసేసి బేలు కట్టాడు.

అత్త: గింజ తీయకపోతే నూలు ఎట్టా వడుకుతావు? ఒంటి మీద గుడ్డ ఎక్కడిది?

మేనల్లుడు: గింజ పారేస్తే వచ్చే ఏటికి విత్తనం ఎక్కడిది?

ఈ ఒక్క పోలికలో ఎవరు గెలిచారో నేను చెప్పలేను. పత్తి రైతులు ఇప్పుడు విత్తనం ఇంట్లో దాచుకోవడం మానేసి ప్యాకెట్లు కొంటున్నారని అక్కడే కూర్చున్న మేనల్లుడి మామయ్య గొణిగాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి పట్టించుకోవాల్సిన మాటే.

అత్త: నువ్వు మహా చదువుకున్నావు గదా. క్రీడాభిరామం చదివావా?

మేనల్లుడు: వినుకొండ వల్లభరాయుడిది. ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతారు.

అత్త: ఆ వీధిలో పల్నాటి వీరుల్ని పాడే ఘట్టం ఉంది. ఆరేడు వందల ఏళ్ల నాటి మాట. అంటే అప్పటికే పాట కారంపూడి దాటి ఓరుగల్లు పోయింది. గుడి లేదు, నాగులేరు లేదు. బజారు. దారినపోయేవాళ్లు ఆగి వింటున్నారు. ఇక ఎక్కడిది నీ అసలు? నాజరు కంటే ముందే కదిలిందది.

మేనల్లుడు: కదిలింది. కానీ ఆ పద్యం సరిగ్గా చూడు. ద్విపదలో పాడుతుంటే ఒక్కో అక్షరానికీ కుర్రాళ్లు తూలిపోయారని ఉంది. అది కాలక్షేపం కాదు అత్తా. ఊరు మారినా పూనకం మారలేదు. నాజరు వింటే ఎవరికైనా పూనిందా?

అత్త: పూనింది. పూనబట్టే బుర్రకథని మద్రాసులో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది, హైదరాబాదులో నిజాం నిషేధించాడు. ఊగి పడిపోయే పూనకం అయితే ఏ దొరా భయపడడు. లేచి నిలబడే పూనకం అది. ప్రజానాట్యమండలి వాళ్లు ఊరికే పట్టుకోలేదు బుర్రకథని. ఆ చేత్తోనే నాజరు బెంగాల్ కరువు కథ చెప్పాడు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు.

మేనల్లుడు: ఇప్పుడో? అదే తంబురా, అవే అందెలు, అవే డక్కీలు. పల్స్ పోలియో చుక్కలు వేయించండని చెప్తున్నారు. కుటుంబ నియంత్రణ చెప్తున్నారు. ఎవరు డబ్బిస్తే వాళ్ల కథ. వదులుగా ఉండే రూపానికి అదే గతి. కారంపూడి పాటతో ఎవడన్నా పథకం ప్రచారం చేయించగలడా?

అత్త: చుక్కలు వేయించుకుంటే పిల్లలకి కాళ్లు బాగుంటాయి. బాలచంద్రుడు యుద్ధానికి పోయేది ఆ కాళ్ల మీదే.

(ఈ జవాబుకి మేనల్లుడు కూడా నవ్వాడు. ఛలోక్తి వేసి వాదనని పక్కదారి పట్టించడం అత్త బుర్రకథలోనే నేర్చుకుని ఉంటుంది.)

అత్త: ఇంకొకటి. ఆ క్రీడాభిరామంలో పాడింది ఎవరు? మగవాడా, ఆడదా?

మేనల్లుడు: ఆడమనిషే.

అత్త: ఆడమనిషి! నీ కారంపూడిలో కత్తి పట్టుకుని ఆడమనిషి పాడగా విన్నావా?

మేనల్లుడు: నేను విన్నంతలో లేదు.

అత్త: మరి పోయింది గదరా, నీ అసల్లోంచి కూడా. ఎప్పుడో, ఎవరూ చూడకుండా. కాలం వాళ్ల పాటనీ కోసింది. కథంతా నడిపేది నాగమ్మ. ఆ కాలంలో ఒక ఆడది రాజ్యం నడిపింది, రాజు వెనక కాదు, సభలో కూర్చుని. ఆమె వైపు నుంచి ఒక్కడన్నా పాడాడా? మీ విద్యావంతులు పాడరు, వాళ్లు బ్రహ్మనాయుడి వీరుల వాళ్లు. నాజరు పాడలేదు. నా నాజరే అయినా చెప్తున్నా. సినిమావాళ్లు కన్నాంబనీ భానుమతినీ పెట్టి ఒక దర్జా ఇచ్చారు, అంతే. అందుకని ఇంకా చాలామంది పాడాలి ఈ కథ. ఇదే చివరిది, దీన్ని ముట్టుకోకండి అంటే నాగమ్మ ఎప్పటికీ ఆ మూలే కూర్చుంటుంది.

ఇది వింటున్నప్పుడు నా మొగ్గు అత్తవైపే పోయింది. కోటప్పకొండ తిరనాళ్లకి పురుషోత్తమపట్నం నుంచి కరెంటు ప్రభ కట్టుకుపోతారు ప్రతి శివరాత్రికీ. ప్రభల ముందు ఒకప్పుడు బుర్రకథలుండేవి, ఇప్పుడు రికార్డింగ్ డాన్సులు. ఆ వేదిక మీద నాగమ్మ కథ నాగమ్మ వైపు నుంచి ఎవరైనా చెప్తే ఎట్టా ఉంటుందో వినాలని నాకూ ఉంది. జనం రాళ్లేసినా వేస్తారు. పాతకథ బతికున్నదానికి అదీ ఒక గుర్తే.

కానీ మేనల్లుడి దగ్గర ఇంకో మాట మిగిలుంది. అది అతను చాలాసేపటి నుంచి దాచిపెట్టుకున్నాడు.

మేనల్లుడు: సరే, పాడనీ. ఎంతమందైనా పాడనీ. ఒక్కటి అడుగుతా అత్తా. నాజరుకి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. అలిసెట్టి గాలెయ్య ఎవరో తెలుసా నీకు?

అత్త: ఎవరు?

మేనల్లుడు: చూశావా.

అత్త: ఎవరో చెప్పరా.

మేనల్లుడు: విద్యావంతుడు. పల్నాటి వీరుల కథ మొత్తం పాడినవాడు. జీన్ రోఘైర్ అనే అమెరికా ఆయన వచ్చి ఆయన పాట రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చేత పుస్తకం వేయించాడు. మన జిల్లా వీరుల కథ లోకానికి తెలిసింది గాలెయ్య నోటి నుంచి. ఆ పుస్తకంలో ఆయన పేరుంది. మన ఊళ్లో, మన ఇంట్లో, తెలుగు చెప్పిన టీచరమ్మకి తెలీదు. నా కోపం నాజరు మీద కాదత్తా. నకలుకి పేరుండి, అసలుకి లేకపోవడం మీద.

అత్త: తెలీదు. నిజమే. తెలిసుండాల్సింది. అయితే నువ్వు గాలెయ్యని ఎక్కడ విన్నావు?

మేనల్లుడు: వినలేదు. చదివా.

అత్త: ఇంగ్లీషులో.

మేనల్లుడు: ఇంగ్లీషులో.

అత్త: అంటే పంబ లేదు, తిత్తి లేదు, తెలుగు కూడా లేదు. నాజరు గింజ తీస్తే తప్పైంది. ఆ అమెరికా ఆయన గుడ్డ నేసి, కోటు కుట్టి, సముద్రం అవతల అమ్మితే అది నీకు అసలు.

మేనల్లుడు: దాంతో పోల్చుకుందామనే కారంపూడి పోయా. అక్కడ నా చెవుల్తో విన్నా.

అత్త: ఐదు రాత్రులూనా?

మేనల్లుడు: ...ఒక రాత్రి. మర్నాడు మిల్లులో పత్తి దిగుతోంది, సీజను.

అత్త: ఏ రాత్రి?

మేనల్లుడు: రాయబారం.

అత్త: ఐదింటిలో ఒకటి. నాజరు కూడా అంతకంటే ఎక్కువే వినిపించాడు నాకు. ఫోన్లో ఎంత ఎక్కింది?

మేనల్లుడు: చార్జింగ్ ఉన్నంతసేపు. నాదీ కోసిందే, ఒప్పుకుంటున్నా. కానీ ఎవరు పాడారో అడిగి, ఫైలు పేరు పెట్టేటప్పుడు వాళ్ల పేరే పెట్టా. పల్నాటి యుద్ధం అని ఊరికే పెట్టలేదు.

అత్త: ఆ పని మంచిది. నాజరు కథ కూడా నీ ఫోన్లో ఉంది గదా, మొన్న నాకు వినిపించావు. దాని కింద ఏం రాశావు?

మేనల్లుడు: నాజర్ బుర్రకథ అని.

అత్త: బుర్రకథ ఒక్కడే చెప్తాడా? చెరో పక్కన నిలబడి డక్కీ వాయించి, గంటలకొద్దీ తందానా అన్నవాళ్లు ఇద్దరున్నారు. అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగింది వాళ్లే. వాళ్ల పేర్లు కూడా కనుక్కుని రాయి.